డానాంగ్ నుంచి హ్వే ఒక్కరోజు టూర్: ఏం చూడాలి, ఏం వదిలేయాలి

మీరు అడిగింది ఇదీ: మార్చిలో అమ్మానాన్నలతో, పదేళ్ల పాపతో వియత్నాంలోని డానాంగ్ వస్తున్నారు. అక్కడికి దగ్గర్లోని పాత రాజధాని హ్వేకి ఒక్కరోజే కుదురుతుంది. ఏజెంట్ "ఏడు స్పాట్లు, బఫే లంచ్‌తో సహా" అని గ్రూప్ బస్ టూర్ చూపిస్తున్నాడు. అది తీసుకోవాలా, కారు మాట్లాడుకుని మీరే తిరగాలా అని. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, అమ్మగారు పూర్తి శాకాహారి. నేను ఉద్యోగరీత్యా డానాంగ్‌లోనే ఉంటున్నాను, మనవైపు నుంచి ఎవరొచ్చినా హ్వే తిప్పి తీసుకొచ్చే డ్యూటీ నాదే, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా సమాధానం. ఏడు స్పాట్ల టూర్ వద్దు. కారు మాట్లాడుకోండి, కానీ కోట లోపల మాత్రం మీ అంతట మీరు తిరగొద్దు, గైడ్‌ని పెట్టుకోండి. చూడాల్సినవి మూడే: రాజకోట, ఏదో ఒక్క రాజు సమాధి, తియెన్ ము పగోడా అనే బౌద్ధాలయం. ఖర్చు తగ్గించుకోవాలంటే హోటల్లో తగ్గించుకోండి, తిండిలో తగ్గించుకోండి, గైడ్ దగ్గర మాత్రం వద్దు.

గైడ్ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. హ్వే అంటే న్గుయెన్ రాజవంశం 1802 నుంచి 1945 వరకు వియత్నాంని ఏలిన రాజధాని. పదమూడు మంది రాజులు. మొదటివాడు గియా లాంగ్ కోట కట్టడం మొదలుపెట్టాడు, కొడుకు మిన్ మాంగ్ 1830ల తొలినాళ్లకు పూర్తిచేశాడు. బయటి గోడ చుట్టుకొలతే సుమారు 10 కిలోమీటర్లు, చుట్టూ కందకం, బురుజుల తీరు అప్పటి ఫ్రెంచి కోటల పద్ధతిలో ఉంటుంది. దాని లోపల ఇంకో గోడ, అది రాజనగరం, మనం టికెట్ కొని వెళ్లేది అక్కడికి. దాని లోపల మళ్లీ ఇంకో ప్రాకారం, రాజు కుటుంబం, అంతఃపుర స్త్రీలు, సేవకులు తప్ప ఎవరూ అడుగుపెట్టకూడని చోటు. మూడు ప్రాకారాల గుడిలాంటి అమరిక అనుకోండి. అయితే గుడిలో లోపలికి వెళ్లేకొద్దీ గర్భగుడి వస్తుంది, ఇక్కడ లోపలికి వెళ్లేకొద్దీ ఎక్కువగా కనిపించేది ఖాళీ స్థలం. 1947లో ఫ్రెంచివాళ్లతో పోరు మళ్లీ రాజుకున్నప్పుడు లోపలి రాజభవనాలు చాలావరకు తగలబడ్డాయి. మిగిలినవాటిమీద 1968లో, వియత్నాం యుద్ధం రోజుల్లో, టెట్ (అక్కడి కొత్త సంవత్సరం) పండగ దాడి పడింది. జనవరి 31న మొదలై దాదాపు నెలరోజులపాటు ఈ కోట గోడల మధ్యే వీధి వీధికీ యుద్ధం జరిగింది. వందకు పైగా కట్టడాలున్న చోట చివరికి కొన్ని మాత్రమే నిలబడ్డాయి.

అందుకే గైడ్ లేకుండా వెళ్లినవాళ్లు "గేటు బాగుంది, ఒక హాలు బాగుంది, తర్వాత అంతా గడ్డే కదా" అంటూ గంటలో బయటికొచ్చేస్తారు. వాళ్ల తప్పేం లేదు. రాజు రోజూ కొలువు నడిపిన కాన్ చాన్ భవనం ఉన్నచోట 1947 తర్వాత దశాబ్దాలపాటు పునాది అరుగు తప్ప ఏమీ మిగల్లేదు. అక్కడ నిలబడి ఇక్కడేం ఉండేదో, ఎవరు ఎక్కడ నిలబడేవారో, ఎప్పుడు ఎలా పోయిందో చెప్పేవాళ్లు ఒకరు పక్కన ఉంటే ఆ అరుగే అరగంట నిలబెడుతుంది. బోర్డులున్నాయి, ఆడియో గైడ్ ఉంది, పర్లేదు, కానీ మీ పాప ఒక ప్రశ్న అడిగితే ఆడియో గైడ్ జవాబు చెప్పదు.

ఇక గ్రూప్ బస్ సంగతి. ఒకసారి టైమ్ లెక్క వేసుకోండి. డానాంగ్ నుంచి హ్వే సుమారు 100 కిలోమీటర్లు, సొరంగం గుండా కారులో రెండు గంటల పైచిలుకు. బస్సయితే హోటల్ హోటల్‌కీ ఆగి జనాన్ని ఎక్కించుకోవడానికే ముక్కాలు గంట, దారిలో లాంగ్ కో దగ్గర ఒక బ్రేక్, అక్కడో ముత్యాల దుకాణం, ఏ పదకొండింటికో ఊళ్లోకి చేరతారు. చేరగానే భోజనం. మళ్లీ ఐదింటికల్లా వెనక్కి బయల్దేరాలి. మిగిలిన నాలుగైదు గంటల్లో ఏడు స్పాట్లంటే ఒక్కోదానికి నలభై నిమిషాలకు మించి పెద్దగా రావు, అందులో ఎక్కిదిగే టైమ్ కూడా కలిసే ఉంది. పైగా ఆ ఏడింటిలో ఒకటి అగరుబత్తుల గ్రామం, ఒకటి మార్కెట్, ఇంకొకటి "బ్రిడ్జి మీదుగా వెళ్తాం" అనేది కూడా స్పాటే. నలభైమంది గుంపులో నాన్నగారు వెనకబడితే గైడ్ జెండా పట్టుకుని ముందుకెళ్లిపోతాడు. నాన్నగారు మొహమాటానికి నొప్పిని దాచిపెట్టి నడుస్తారు, రాత్రికి హోటల్లో తెలుస్తుంది.

చిన్న గ్రూప్ టూర్లు, పది పన్నెండు మంది వ్యాన్‌లో వెళ్లేవి కూడా ఉన్నాయి, ఒంటరిగానో ఇద్దరుగానో వచ్చేవాళ్లకు అవి మంచివే, నేనే చెప్తుంటాను. మీరు నలుగురు, అందులో పెద్దవాళ్లు ఇద్దరు. నాలుగు టికెట్ల డబ్బు కలిపితే దాదాపు ఒక కారు ఖర్చు దగ్గరికే వస్తుంది, కాబట్టి మీ విషయంలో లెక్క కూడా కారు వైపే.

కారు, గైడ్ వేరువేరుగా మాట్లాడుకోండి. డ్రైవర్లు చాలామంది "నేనే గైడ్‌ని కూడా" అంటారు. మంచివాళ్లే, దారిలో కబుర్లు బాగా చెప్తారు, కానీ ఎక్కువమంది మిమ్మల్ని గేటు దగ్గర దింపి పార్కింగ్‌కి వెళ్లిపోతారు. హ్వే ఊళ్లోనే ఉండే, ప్రభుత్వ లైసెన్స్ కార్డు ఉన్న ఇంగ్లీషు గైడ్‌ని సగం రోజుకి మాట్లాడుకుని కోట గేటు దగ్గర కలవమనండి. డానాంగ్ నుంచి రోజంతా మీతో వచ్చే గైడ్ కంటే ఇలా చవక. పైగా ఊరివాళ్లకు ఊరి కథలు తెలుస్తాయి, తాతల కాలం ముచ్చట్లు చెప్తారు. మాట్లాడుకునేటప్పుడే మెసేజ్‌లో రాసి పెట్టుకోవాల్సినవి: షాపింగ్ స్టాప్‌లు వద్దు, ఎంట్రీ టికెట్లు కలిపా విడిగానా, పెద్దవాళ్లున్నారు నెమ్మదిగా నడవాలి. ఈ చివరిది ముందే చెప్తే మంచి గైడ్ దారిని కూడా మార్చేస్తాడు.

ఇప్పుడు కోట లోపల. పొద్దున్నే ఆరున్నరకల్లా డానాంగ్ వదిలితే తొమ్మిదింటికి గేటు దగ్గరుంటారు, బస్సులు ఇంకా రావు. దక్షిణం వైపు న్గో మోన్ ద్వారం నుంచి లోపలికి వెళ్తారు. ఐదు దారులుంటాయి, నడిమిది రాజుకు మాత్రమే, అటూ ఇటూ ఉన్నవి అధికారులకు, చివరివి ఏనుగులకు, గుర్రాలకు, సైనికులకు. 1945 ఆగస్టు 30న చివరి రాజు బావో దాయ్ రాజముద్ర, ఖడ్గం కొత్త ప్రభుత్వ ప్రతినిధులకు అప్పగించి గద్దె దిగింది ఇక్కడే. మూడు రోజులకే, సెప్టెంబర్ 2న, హనోయ్‌లో హో చి మిన్ స్వాతంత్ర్య ప్రకటన చదివాడు. మీ గైడ్ ఈ రెండు రోజుల కథ చెప్పకుండా గేటు దాటించేస్తే మీరే ఆపి అడగండి.

గేటు దాటి చెరువు మీది వంతెన దాటితే థాయ్ హోవా, పట్టాభిషేకాలు, పెద్ద కొలువులు జరిగిన హాలు. ఎర్ర లక్కపూత మీద బంగారు డ్రాగన్లు చుట్టుకున్న 80 స్తంభాలు. కొన్నేళ్లు మరమ్మతుల కోసం మూసి 2024 నవంబర్‌లో మళ్లీ తెరిచారు. లోపల ఫొటోలు తీయనివ్వరు. 2025 మేలో ఒకతను కంచె దాటి ఎక్కి కూర్చుని సింహాసనం చెయ్యి విరగ్గొట్టాడు, అప్పటినుంచి కాపలా ఇంకా గట్టిగా ఉంటుంది, పాపకు ముందే చెప్పి ఉంచండి.

అక్కడి నుంచి అందరూ నేరుగా వెనకనున్న కియెన్ చుంగ్ భవనానికి పరిగెడతారు. యూరప్ పోకడలతో మిలమిలలాడే భవనం, గోడల నిండా పింగాణీ ముక్కల పనితనం, రీల్స్ అన్నీ దీని ముందే తీస్తారు. అసలైనది 1920లలో ఖాయ్ దిన్ అనే రాజు కట్టించుకున్నాడు, 1947లో పోయింది, ఇప్పుడున్నది మళ్లీ కట్టి 2024లో తెరిచినది. చూడండి, బాగుంటుంది, కానీ నన్నడిగితే ఉన్న ఓపికంతా దీనికే ఖర్చుపెట్టొద్దు. కోటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు నైరుతి మూలన ఉంది, సగంమంది అటు వెళ్లనే వెళ్లరు. అది థే మియెవ్, న్గుయెన్ రాజుల పూర్వీకుల ఆలయం. దాని ముందు వరసగా తొమ్మిది కంచు పాత్రలు, ఒక్కోటి సుమారు రెండు టన్నుల నుంచి రెండున్నర టన్నుల పైదాకా బరువు. మిన్ మాంగ్ 1835-37 మధ్య పోత పోయించాడు. మధ్యలో కాస్త ముందుకు జరిగి ఉన్నది మొదటి రాజు గియా లాంగ్‌ది. వాటి మీద ఆ కాలపు వియత్నాం మొత్తాన్ని చెక్కారు: నదులు, కొండలు, సముద్రం, పులి, నెమలి, ఏనుగు, పనసచెట్టు, వరి, పడవలు, ఫిరంగులు. అప్పట్లో వాళ్లు తమ దేశం అంటే ఏమేం అనుకున్నారో ఒకచోట లిస్టు రాసినట్టే. పాపకు "ఏనుగు ఏ పాత్ర మీదుందో కనిపెట్టు" అని ఆట పెట్టండి, అరగంట మీకు విశ్రాంతి. అమ్మగారికి పనసచెట్టు చూపించండి.

ఆలయాల్లోకి మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు ఉండాలి. మనవాళ్లకు ఇదేం సమస్య కాదు, షార్ట్స్ వేసుకొచ్చే మగవాళ్లకే ఇబ్బంది.

కోటలో ఎలక్ట్రిక్ బండ్లు అద్దెకు ఉంటాయి, నాన్నగారికి మొహమాటం లేకుండా తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యమైన కిటుకు: వచ్చిన దారిన వెనక్కి నడవొద్దు. తూర్పు వైపు హియెన్ న్యోన్ ద్వారం నుంచి బయటికొచ్చేయండి, డ్రైవర్‌ని అక్కడికి రమ్మనండి. ఆ ద్వారం మీది పింగాణీ అలంకారం కూడా చూడదగ్గదే, పైగా ఎండలో వెనక్కి నడిచే బాధ తప్పుతుంది. మొత్తం రెండున్నర గంటలు పెట్టుకోండి. అంతకంటే ఎక్కువైతే పెద్దవాళ్లు అలసిపోతారు, తక్కువైతే అంతదూరం వెళ్లి ఏం లాభం.

మధ్యాహ్నం భోజనం. బఫేలకు వెళ్లకండి. అమ్మగారి విషయంలో ఇండియన్ రెస్టారెంట్ వెతకాలేమోనని టెన్షన్ పడుతున్నట్టున్నారు, అవసరం లేదు. హ్వే బౌద్ధం బాగా పాతుకుపోయిన ఊరు, శాకాహార వంటలో దేశంలోనే దానికి పేరుంది. బోర్డు మీద "చాయ్" అని ఉన్న భోజనశాలలు ఊరంతా కనిపిస్తాయి, మన టీకీ దానికీ సంబంధం లేదు, అది శాకాహారం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఊళ్లో చాలామంది మాంసం ముట్టరు, ఆ రోజుల్లో మామూలు హోటళ్లలో కూడా శాకాహారం దొరుకుతుంది. టోఫు, పుట్టగొడుగులు, పనసకాయతో చేసే వంటకాలు మనవాళ్లకు బాగా పడతాయి. మామూలు హోటల్లో "వెజిటబుల్ ఫ్రై" ఆర్డర్ చేస్తే మాత్రం అందులో చేపల సాస్ పడిపోయే ప్రమాదముంది, అందుకే చాయ్ హోటల్‌కే వెళ్లండి. ఉల్లి, వెల్లుల్లి కూడా తినని ఇంట్లోవాళ్లకైతే ఇంకా సుఖం, బౌద్ధ పద్ధతిలో వండేవాళ్లు చాలామంది అవీ వేయరు, అడిగి చూసుకోండి. తినేవాళ్లు బున్ బో హ్వే వదలొద్దు, నిమ్మగడ్డి వాసనతో కారంగా ఉండే నూడుల్స్ సూప్, వియత్నాం తిండి చప్పగా ఉంటుందనేవాళ్లకు అదే సమాధానం. అందులో గొడ్డుమాంసం, చాలాచోట్ల పంది మాంసం కూడా ఉంటాయి, తినేముందే తెలుసుకుని తినండి. ఉప్పు కాఫీ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. పేరు విని మొహం చిట్లించకండి, ఒక్కటి తెప్పించుకుని నలుగురూ రుచి చూడండి.

భోజనం తర్వాత సమాధి. సమాధి అంటే ఒక రాయి, ఒక గోపురం కాదు. కొండలు, చెరువులు, మండపాలు, విగ్రహాలు కలిసిన పెద్ద తోట. చాలామంది రాజులు బతికుండగానే తమ సమాధి కట్టించుకోవడం మొదలుపెట్టేవారు. టూరిస్టులు వెళ్లేవి ముఖ్యంగా మూడు. టూర్లన్నీ తీసుకెళ్లేది ఖాయ్ దిన్ సమాధికి. నల్లబడిన కాంక్రీటు, లోపల అద్దాలు, పింగాణీ ముక్కలతో కళ్లు చెదిరే అలంకారం, 1920లో మొదలై ఆయన పోయాక 1931లో పూర్తయింది, దీనికోసం జనం మీద పన్నులు పెంచాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫొటోలకు గొప్ప చోటు. కానీ 127 మెట్లు. నాన్నగారితో అక్కడికి వెళ్లకండి, ఆయన కింద కూర్చుంటే మీరు పైకెళ్లి హడావుడిగా దిగొస్తారు, ఎవరికీ తృప్తి ఉండదు. మిన్ మాంగ్ సమాధి మూడింటిలో అందమైనది, ప్రశాంతమైనది, గీత గీసినట్టు ఒకే వరసలో ద్వారాలు, మండపాలు, చెరువులు. అయితే ఊరికి 12 కిలోమీటర్లు, లోపల నడక ఎక్కువ.

మీకు తూ దూక్ సమాధి. ఊరికి దగ్గర, చెట్ల నీడ ఉంది, మెట్లు లేకపోలేదు గానీ కొంచెం కొంచెంగా వస్తాయి, అవి ఎక్కకుండా కూడా చెరువు దగ్గర హాయిగా కూర్చోవచ్చు. కథ కూడా దీనిదే గొప్పది. న్గుయెన్ రాజుల్లో అందరికంటే ఎక్కువకాలం, 1847 నుంచి 1883 దాకా ఏలినవాడు. ఫ్రెంచివాళ్లు ముక్కముక్కగా దేశాన్ని ఆక్రమిస్తున్న రోజులు అవి. కవిత్వం రాసేవాడు, ఇక్కడి చెరువు మీద కొయ్యమండపంలో కూర్చునేవాడు, అంటే బతికుండగా ఇది ఆయన విశ్రాంతి మందిరం. ఇది కట్టడానికి కూలీలను పెట్టిన బాధకు 1866లో తిరుగుబాటు కూడా జరిగింది. అంతఃపురం నిండా రాణులున్నా సంతానం కలగలేదు, రాజు చరిత్రను శిలాశాసనంగా రాయాల్సిన కొడుకు లేడు కాబట్టి తానే రాసుకున్నాడు, అందులో తన లోపాలు కూడా ఒప్పుకున్నాడు. ఆ పెద్ద శిల ఇప్పటికీ అక్కడే మండపంలో ఉంది. ఆయన అసలు సమాధి మాత్రం ఇక్కడ కాదు, ఎక్కడో రహస్యంగా పాతిపెట్టారని ఊరివాళ్ల నమ్మకం. మీ గైడ్‌కి ఈ కథ చెప్పడం ఇష్టమైతే మీ అదృష్టం. అగరుబత్తుల గ్రామం కూడా ఆ దారిలోనే ఉంది, రంగురంగుల కట్టల ముందు పాపకు ఫొటో తీసి పది నిమిషాల్లో బయటపడొచ్చు.

చివర్న సాయంత్రం తియెన్ ము. హువోంగ్ నది ఒడ్డున గట్టు మీద 1601లో మొదలైన పగోడా, ముందున్న ఏడంతస్తుల గోపురం 1844 నాటిది. ఎంట్రీ ఉచితం. వెనక భాగంలో ఒక పాత నీలం ఆస్టిన్ కారు ఉంచారు. 1963 జూన్ 11న సైగాన్‌లో, బౌద్ధుల మీద అణచివేతకు నిరసనగా నడిరోడ్డులో తనను తాను దహించుకున్న భిక్షువు తిక్ క్వాంగ్ దూక్ ఆ కారులోనే అక్కడికి వచ్చాడు. ఆయన వెనక కనిపించే ఆ కారు ఫొటోని అమ్మానాన్నల తరంవాళ్లు ఎప్పుడో పేపర్లో చూసే ఉంటారు. చాలా టూర్లలో గోపురం ముందు ఫొటో తీయించి వెనక్కి తిప్పేస్తారు, మీరు వెనకదాకా వెళ్లండి. డ్రాగన్ పడవ ఎక్కాలనుంటే పగోడా నుంచి ఊరి వైపు ఒక్కవైపే ఎక్కండి, కారుని ముందే రేవుకి పంపేయండి.

టికెట్లు: కోటకు పెద్దలకు 2 లక్షల డాంగ్, ఒక్కో సమాధికి లక్షన్నర, పిల్లలకు చాలా తక్కువ. లక్ష డాంగ్ అంటే మన డబ్బుల్లో సుమారు మూడొందల యాభై, సున్నాలు చూసి కంగారు పడకండి. కోట, రెండు మూడు సమాధులు కలిపి అమ్మే టికెట్ ఉంది. లాభంగా కనిపిస్తుంది, కానీ ఒక్క సమాధే చూసేవాళ్లకు అనవసరం. కొనేముందు ఆ రోజు రేటు చూసుకోండి, మారుతుంటాయి.

మార్చి మంచి నెలే. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, అక్టోబర్, నవంబర్‌లలో అయితే వరదలకు ఊళ్లోకే నీళ్లొస్తాయి. జూన్, జూలైలో ఎండ మన రెంటచింతలను గుర్తు చేస్తుంది. ఇది చదివే ఇంకెవరైనా ఆ నెలల్లో వస్తుంటే ఈ ప్లాన్ మొత్తాన్ని పొద్దున పదిన్నరలోపు, సాయంత్రం మూడున్నర తర్వాతకి విడగొట్టుకోండి.

డానాంగ్, హ్వేల మధ్య కొండ మీదుగా పోయే హాయ్ వాన్ కనుమ దారి సంగతి కూడా అడుగుతారనే అనుకుంటున్నాను. వెళ్లేటప్పుడు ఆరు కిలోమీటర్ల పైన ఉండే సొరంగం గుండా వెళ్లండి, టైమ్ కలిసొస్తుంది. వచ్చేటప్పటికి చీకటి పడుతుంది, కాబట్టి కనుమ ఎక్కినా ఏమీ కనిపించదు. కనుమ, సముద్రం చూడాలంటే మేలైన దారి రైలు. డానాంగ్ నుంచి హ్వేకి మూడు గంటలు అటూ ఇటూ, కొండ అంచున సముద్రాన్ని ఆనుకుని వెళ్తుంది, కుడివైపు సీట్లు తీసుకోండి. అందుకే మీ ప్లాన్‌లో ఒక్క రాత్రి కదిలించగలిగితే, డానాంగ్ హోటల్ ఒక రాత్రి తగ్గించి హ్వేలో పడుకోండి. మొదటిరోజు పొద్దున రైల్లో వచ్చి మధ్యాహ్నం తూ దూక్, పగోడా, రాత్రి నది ఒడ్డున నడక. రెండోరోజు పొద్దున్నే కోట, భోజనం చేసి కారులో కనుమ మీదుగా వెలుగుండగానే వెనక్కి. ఖర్చు పెద్దగా పెరగదు, నాన్నగారి మోకాళ్లు మీకు థాంక్స్ చెప్తాయి.

ఇంకోటి. అమ్మగారు శివాలయాలు అడిగితే మీ సన్ అనే ఊరుంది, ఒకప్పుడు మధ్య వియత్నాంని ఏలిన చంపా రాజులు కట్టిన ఇటుక గుళ్లు, భద్రేశ్వరుడి పేర శివలింగాన్ని ప్రతిష్ఠించి సంస్కృతంలో శాసనాలు వేసిన చోటు. అది డానాంగ్‌కి దక్షిణాన ఉన్న హోయ్ ఆన్ ఊరి వైపు, హ్వేకి పూర్తిగా ఎదురు దిక్కు. "రెండూ ఒకేరోజు చూపిస్తా" అని ఏ ఏజెంట్ అన్నా నమ్మొద్దు, హోయ్ ఆన్ వెళ్లే రోజు పొద్దున పెట్టుకోండి.

మీ తేదీలు, డానాంగ్‌లో హోటల్ ఏ వైపో చెప్తే కారుకి ఎంతదాకా ఇవ్వొచ్చో రాస్తాను. ఏజెంట్‌కి అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే కట్టకండి.